ఊరి నీటిలెక్క పదుగురి సొత్తు

చంపావతి చెంతనున్నంత మాత్రమున నెల్లిమర్ల ప్రాంతపు పంచాయతీలవారు బావుల లెక్క మానరాదు. ఎకరముపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన సుమారు 40 వేల లీటర్లు. అందులో నేలలో ఇంకినదెంత, మనము తోడినదెంత, రబీకి మిగులునదెంత అని కట్టు అంచనానే శాస్త్రజ్ఞులు నమూనా యందురు.

2003లో ఆరంభమైన రైతు భూగర్భజల నిర్వహణ పథకము క్రింద, అనంతపురము, ప్రకాశము మొదలగు ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే పక్షమునకొకసారి బావుల మట్టము కొలిచిరి. రబీకి ముందు ఒకే వాగు పరీవాహమున నున్న ఊళ్లవారు కూడి లెక్క కట్టిరి. నీరు చాలదని తేలినచోట పలువురు వరి తగ్గించి ఆరుతడి పైరులు వేసిరి. ఎవరును శాసింపలేదు.

భూమి లోపలి నీటికి పొలిమేర లేదు. కనుక మన లెక్క పొరుగూరికి అందవలెను. కూడికలో పొరపాటున్న వారే పట్టుదురు, అందు చిన్నతనము లేదు. సెర్న్ అను ఐరోపా పరిశోధన సంస్థ 2013లో నెలకొల్పిన జెనోడో భాండారమున ఎవరైనను ఇట్టి నమూనాలను రుసుము లేక ఆన్‌లైన్‌లో చేర్చవచ్చును. ఊరి కళాశాల విద్యార్థి యొకడు తోడ్పడిన చాలును. అయితే కొలత బావి గట్టు నుండియా, నేలమట్టము నుండియా, ఏ తేదీన, వానలో ఎన్నవ వంతు ఇంకునని అనుకొంటిమి - ఇవి వ్రాయని లెక్క పరులకు కొరగాదు. వేసవిలో ఎండిన బావిని సైతము దాచక చేర్చవలెను. మన అంచనా తప్పినదని మొదట తెలుపునది అదియే.