థైరాయిడ్ ఉన్నవారు పథ్యం మొదలుపెడితే

థైరాయిడ్ తక్కువైన మీ అమ్మగారు బరువు తగ్గాలని టిఫిన్ మానేసి పొద్దున్నే రాగి జావ మొదలుపెట్టారా? మంచిదే. కాని జావతో పాటే మాత్ర మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు. పరగడుపున మంచినీళ్ళతో మాత్ర వేసి, అరగంట నుండి గంట ఆగి జావ గాని, కాఫీ గాని ఇవ్వండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. శ్రమదినాల ఉపవాసంలోనూ మాత్ర మానరాదు.

ఈ జబ్బు వల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుండి 5 కిలోలే. అందులో చాలావరకు ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. మిగిలినది తగ్గాలంటే అన్నం తగ్గించి, కూర పెంచి, రోజూ నడవాలి. ఆమె ఒక్కరికే వేరే వంటైతే నాలుగు రోజుల్లో విసుగు పుడుతుంది, ఇంటిల్లిపాదీ అదే తినండి. త్వరగా తగ్గాలని మాత్ర ఎక్కువ వేస్తే గుండెకు ప్రమాదం. బరువు బాగా తగ్గితే మోతాదు మార్చవలసి రావచ్చు, టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించి డాక్టరు గారికి చూపించండి.