చెత్తదిబ్బల మీథేన్‌కు కార్బన్ క్రెడిట్లు: కొలత తెలిసినవారికే కొలువులు

పట్టణాల చెత్త లోతుగా పోగుపడిన చోట, గాలి ఆడని పొరల్లో తడి చెత్త కుళ్లి వాయువు పుడుతుంది. అందులో దాదాపు సగం మీథేన్, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. నూరేళ్ల లెక్కన చూస్తే భూతాపాన్ని పెంచడంలో టన్ను మీథేన్ సుమారు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దిబ్బలోకి గొట్టాలు దింపి ఆ వాయువును లాగి మండించినా, ఇంధనంగా వాడినా అంతమేర మీథేన్ గాలిలో కలవకుండా ఆగుతుంది. ఆగినదాన్ని కొలిచి, స్వతంత్ర సంస్థ చేత తనిఖీ చేయించి, రిజిస్ట్రీలో నమోదు చేయిస్తే, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ప్రతి తగ్గింపుకూ ఒక క్రెడిట్ చొప్పున వస్తుంది. దాన్ని అమ్ముకోవచ్చు. ఈ రంగంలో చదువుకున్నవారికి పని ఎక్కువగా దొరికేది ఆ కొలత, తనిఖీల దగ్గరే.

గంటకు 200 ఘనపు మీటర్ల వాయువు వచ్చే యార్డును ఉదాహరణగా తీసుకుంటే అందులో మీథేన్ 100 ఘనపు మీటర్లు. ప్రామాణిక స్థితిలో ఘనపు మీటరు మీథేన్ బరువు 0.716 కిలోలు. ఏడాదంతా ఆగకుండా నడిస్తే సుమారు 627 టన్నులు. 28తో గుణిస్తే 17,500 పైచిలుకు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఇవన్నీ క్రెడిట్లు అయిపోవు. వాయువును మండించే ఫ్లేర్ పనితీరును నేరుగా కొలవకపోతే, మూసి ఉన్న ఫ్లేర్‌లో 90 శాతం, బహిరంగ ఫ్లేర్‌లో 50 శాతం మీథేన్ మాత్రమే కాలినట్టు ఐక్యరాజ్యసమితి పద్ధతి లెక్కగడుతుంది. ఆ ఒక్క తేడాతోనే ఈ యార్డుకు ఏడాదికి ఏడు వేల క్రెడిట్లు తగ్గుతాయి. పైనున్న మట్టికప్పులో సహజంగానే ఆక్సీకరణ చెందే భాగాన్ని, వాయువును లాగే బ్లోయర్ వాడిన కరెంటును కూడా తీసివేయాలి. మీటరు కాలిబ్రేషన్ గడువు దాటితే ఆ కాలానికి మరికొంత కోత. లెక్కగా ఇందులో ఇంటర్ ఎంపీసీ విద్యార్థికి అందనిదేమీ లేదు. కష్టమల్లా ఏళ్ల తరబడి ఒక్క రీడింగు కూడా పోకుండా చూడటంలోనే ఉంది.

యార్డులో పని ఇలా సాగుతుంది. బోరు వేసి, రంధ్రాలున్న హెచ్‌డీపీఈ గొట్టం దింపి, చుట్టూ కంకర పోసి, పైభాగాన్ని బెంటొనైట్ మట్టితో బిగిస్తారు. ప్రతి గ్యాస్ బావి నోటి దగ్గర ఒక వాల్వు ఉంటుంది. టెక్నీషియన్ ఎనలైజర్ గొట్టాన్ని అక్కడ తగిలించి మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ శాతాలు, పీడనం, ఉష్ణోగ్రత నమోదు చేస్తాడు. మీథేన్ 50 దరిదాపుల్లో, ఆక్సిజన్ సున్నాకు దగ్గర్లో ఉంటే బావి బాగా పనిచేస్తున్నట్టు. ఆక్సిజన్ పెరుగుతోందంటే వాల్వు అతిగా తెరిచి ఉండాలి, లేదా మట్టికప్పు పగిలి గాలి లోపలికి పోతుండాలి. పట్టించుకోకపోతే దిబ్బ లోపల నిప్పు రాజుకుంటుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. గొట్టాల్లో నీరు చేరి గ్యాస్ అడ్డుపడటం వానాకాలంలో మామూలే. ఎండ, వాన, దుర్వాసన అన్నిటికీ సిద్ధపడ్డవారే ఈ కొలువులో నిలుస్తారు.

మామిడికి పేరున్న నూజివీడు నుంచి ఈ రంగంలోకి రావాలనుకునేవారు ముందుగా గ్రహించాల్సింది, చిన్న పట్టణపు డంపింగ్ యార్డుతో క్రెడిట్ల వ్యాపారం నడవదని. అయిదు మీటర్ల కన్నా తక్కువ లోతున్న దిబ్బలోకి గాలి బాగా ఆడుతుంది కాబట్టి మీథేన్ తక్కువగా పుడుతుంది. వాతావరణ మార్పుపై ప్రభుత్వాల మధ్య ఏర్పడిన కమిటీ (ఐపీసీసీ) లెక్కల్లో, పద్ధతిగా పూడ్చి కప్పిన యార్డు మీథేన్ గుణకం 1 అయితే, లోతు తక్కువ ఉన్న దిబ్బది 0.4 మాత్రమే. పైగా వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో తిండి వ్యర్థాలు రెండేళ్లలోపే సగానికి పైగా కుళ్లిపోతాయి. పాత దిబ్బలో గొట్టాలు దించేనాటికి గ్యాస్ చాలావరకు పోయే ఉంటుంది. అవకాశాలున్నవి పెద్ద నగరాల దగ్గర. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ యార్డులో పాత దిబ్బను కప్పి, దాని వాయువును సేకరించి, శుద్ధిచేసి కంప్రెస్డ్ బయోగ్యాస్‌గా మారుస్తున్నారు. తెలుగు విద్యార్థి కళ్లారా చూడదగ్గ నమూనా అదే.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. క్యోటో ఒప్పందం కింద ఏర్పడిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో 2004 నవంబరులో నమోదైన మొట్టమొదటి ప్రాజెక్టు బ్రెజిల్‌లోని నోవాజెరార్ చెత్తదిబ్బ గ్యాస్‌దే. ముంబై గొరాయ్ యార్డును మూసి గ్యాస్ పట్టడం కూడా ఆ దారిలోనే జరిగింది. నూజివీడుకు దగ్గరి ఉదాహరణ విజయవాడది. విజయవాడ, గుంటూరు చెత్తతో శ్రీరామ్ ఎనర్జీ సిస్టమ్స్ నెలకొల్పిన 6 మెగావాట్ల విద్యుత్ కేంద్రం అదే యంత్రాంగంలో నమోదైంది. అక్కడ దిబ్బ నుంచి గ్యాస్ లాగలేదు. చెత్తను ఇంధనంగా మార్చి కాల్చి, మీథేన్ పుట్టకుండానే ఆపారు. 2012 నాటికి ఆ యంత్రాంగపు క్రెడిట్ల ధర ఒక్క యూరో కన్నా కిందికి పడిపోయింది. క్రెడిట్ల రాబడి మీదే ఆధారపడ్డ ప్రాజెక్టులు కుదేలయ్యాయి. ఈ రంగంలో ఉద్యోగం వెతుక్కునేవారు సంస్థకు గ్యాస్ అమ్మకం వంటి వేరే ఆదాయం ఉందో లేదో చూసుకోవడం మంచిది.

ఇప్పుడు దేశంలోనే సొంత మార్కెట్ రూపుదిద్దుకుంటోంది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని కేంద్రం నోటిఫై చేసింది. నిర్వహణ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీది, రిజిస్ట్రీ గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియాది. స్వచ్ఛందంగా ముందుకొచ్చే ప్రాజెక్టుల కోసం 2025 మార్చిలో ప్రకటించిన ఎనిమిది పద్ధతుల్లో చెత్తదిబ్బల వాయువును మండించడం లేదా వాడుకోవడం కూడా ఉంది.

దిబ్బల గ్యాస్ క్రెడిట్లకు రెండు అడ్డంకులున్నాయి. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం దిబ్బ వాయువును వాడుకోవాలి, కుదరకపోతే మండించాలి. చట్టం ఎలాగూ చేయమన్న పనికి క్రెడిట్ ఎందుకివ్వాలన్న ప్రశ్న తనిఖీలో తప్పక వస్తుంది. ఇంటర్వ్యూలోనూ వస్తుంది. నిబంధన కాగితం మీద ఉన్నా అమలు ఎంతవరకు ఉందో ఆధారాలతో చూపడమే దానికి జవాబు. రెండోది, 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ రెండో దశ పాత దిబ్బలను తవ్వి, జల్లించి ఖాళీ చేయిస్తోంది. బయోమైనింగ్ అనే ఈ పని పూర్తయిన చోట పట్టడానికి గ్యాసే మిగలదు. కాబట్టి గ్యాస్ బావుల మీదే ఆశ పెట్టుకోవడం తెలివైన పని కాదు.

పని పెరుగుతున్నది తడి చెత్తను దిబ్బకు చేరకముందే డైజెస్టర్లలో పులియబెట్టే ప్లాంట్లలో. 2018లో మొదలైన సతత్ పథకం కంప్రెస్డ్ బయోగ్యాస్‌కు ఆయిల్ కంపెనీల కొనుగోలు హామీ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రిలయన్స్ తలపెట్టిన 500 ప్లాంట్లలో మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. మామిడి సీమ విద్యార్థులకు ఇక్కడ ఒక సహజమైన పట్టు ఉంది. వేసవిలో రసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయల సీజన్లో కుళ్లిన కాయలు, తొక్క, టెంక గుట్టలుగా పడతాయి. మామిడి తొక్కలో చక్కెర ఎక్కువ. డైజెస్టర్‌లో ఒక్కసారిగా వేస్తే వేగంగా ఆమ్లంగా మారి, పీహెచ్ పడిపోయి, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు చతికిలబడతాయి. పేడ కలిపి, కొద్దికొద్దిగా వేస్తూ పీహెచ్‌ను 7 చుట్టూ నిలపాలి. గట్టి టెంకలు ముందే ఏరేయాలి. సీజన్ రెండు మూడు నెలల్లో ముగిసిపోతుంది కనుక మిగతా ఏడాదికి హోటళ్ల వ్యర్థాలో, కోళ్ల ఫారాల ఎరువో సమకూర్చుకోవాలి. కెమికల్ ఇంజనీరింగ్ ప్రాజెక్టుకు ఇంతకన్నా చేరువలో ఉన్న అంశం ఉండదు.

ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చేసినవారికి, మెకానికల్ లేదా కెమికల్ డిప్లొమా ఉన్నవారికి ప్లాంట్ నిర్వహణలో చోటుంటుంది. పదో తరగతి తర్వాత నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరినవారు రెండేళ్ల పీయూసీ ముగించాక బీటెక్‌లో కెమికల్, సివిల్, మెకానికల్ తీసుకుంటే డిజైన్ వైపు వెళ్లొచ్చు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎంఎస్సీవారు నమూనాల సేకరణ, పర్యవేక్షణ నివేదికల వైపు రాణిస్తారు. క్రెడిట్ తనిఖీ సంస్థల్లో చేరాలంటే ఐఎస్ఓ 14064 ప్రమాణం, పద్ధతి పత్రాలు తెలిసి ఉండాలి. సాధారణంగా కొంత క్షేత్ర అనుభవం కూడా అడుగుతారు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఈ దారిలో గట్టి అర్హత. హైదరాబాద్‌లోని ఈపీటీఆర్ఐ పర్యావరణ శిక్షణకు, ఐఐటీ హైదరాబాద్‌లోని వాతావరణ మార్పు విభాగం పైచదువులకు పనికొస్తాయి.

డబ్బు ఖర్చు లేని సన్నాహం ఒకటుంది. స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదైన ప్రాజెక్టుల పత్రాలను ఐక్యరాజ్యసమితి అందరికీ అందుబాటులో ఉంచింది. విజయవాడ, గుంటూరు ప్రాజెక్టు పత్రం కూడా వాటిలో ఉంది. దాంతోపాటు ఏదైనా చెత్తదిబ్బ గ్యాస్ ప్రాజెక్టు పర్యవేక్షణ నివేదికను ముందేసుకుని, గ్యాస్ ప్రవాహం, మీథేన్ శాతం, ఫ్లేర్ సామర్థ్యం స్ప్రెడ్‌షీట్‌లో వేసి, వచ్చిన క్రెడిట్ల సంఖ్యను నివేదికలోని సంఖ్యతో పోల్చి చూడాలి. తేడా ఎక్కడొచ్చిందో రాసుకున్న ఆ రెండు పేజీలను దరఖాస్తుకు జత చేయొచ్చు.