సముద్రపు ఈతకు సిద్ధపాటు

మన ఆమదాలవలస పిల్లలకు నాగావళి క్రొత్త కాదు. వేసవిలో ఇసుకపై మోకాలిలోతున పారుచు, వానకాలమున ఒడ్డుల నొరసి ఎఱ్ఱని నీటితో పరుగులిడు ఈ యేటిని చూచుచునే మనము పెరుగుచున్నాము. ఎండిన ఆనపకాయ బుఱ్ఱను నడుమునకు కట్టుకొని ఈత నేర్చిన పెద్దలు పూర్వము పల్లెలలో ననేకులుండిరి. అయినను రేవులో ఈ దరినుండి ఆ దరికి పోవు ఈతయు, సముద్రములో పది పదునైదు గంటలు విడువక సాగు ఈతయు ఒకటి కావు. ఆ రెండవదానికి మనుష్యులెట్లు సిద్ధపడుదురో, దానినుండి ఏటియొడ్డువారమైన మనము నేర్వదగిన దేమో ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

ముందుగా మనవారి యుదాహరణమును చెప్పుదుము. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల యను తెలుగు మహిళ నలువది యేండ్లు దాటిన పిదప ఈత నేర్చెను. 2021 మార్చి 19వ తేదీన ఆమె సింహళమునందలి తలైమన్నారు నుండి మన దేశపు ధనుష్కోటి వరకు గల పాక్ జలసంధిని, అనగా సుమారు 30 కిలోమీటర్లను, 13 గంటల 43 నిమిషములలో ఈది దాటెను. మరల 2024 డిసెంబరు చివర విశాఖపట్టణమున బయలుదేరి, దినమునకు కొంత దూరము చొప్పున ఈదుచు, 2025 జనవరి మొదటి వారమున కాకినాడ తీరము చేరెను. ఆ దూరము సుమారు 150 కిలోమీటర్లు. బాల్యమున నేర్వనివారికి ఇక రాదను మాట సత్యము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇట్టి శక్తి ఒక్క దినమున వచ్చునది కాదు. అభ్యాసములో మొదటిది ఊపిరి. నేర్వనివాడు తల నీటిపై నిలుపుటకే బలమంతయు వెచ్చించి శీఘ్రముగా అలసిపోవును. నేర్చినవాడు ముఖము నీటిలో నుంచి, నీటిలోనే మెల్లగా ఊపిరి విడిచి, తలను ప్రక్కకు త్రిప్పి గాలి పీల్చును. కెరటము ఏ ప్రక్కనుండి వచ్చునో తెలియదు గనుక, కుడియెడమలు రెండింటను పీల్చుట అలవరచుకొనవలెను.

రెండవది క్రమాభివృద్ధి. ఈ వారము ఈదిన దూరమునకు వచ్చు వారము పదియవ వంతుకంటె మిక్కిలిగా చేర్చరాదని శిక్షకులు సామాన్యముగా చెప్పుదురు. త్వరపడినవానికి భుజముల కీళ్లు నొచ్చి, నెలలకొలది అభ్యాసము నిలిచిపోవును. వారమున కొకమారు దీర్ఘమైన ఈత, తక్కిన దినములలో కొలదిపాటి ఈత, ఒకనాడు పూర్ణవిశ్రాంతి ఉండవలెను.

మూడవది చలికి అలవాటుపడుట. నీరు మన దేహపు వేడిని గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా హరించును. ఇంగ్లీషు చానలు దాటగోరువారు ముందుగా 16 డిగ్రీలకు మించని చల్లని నీటిలో ఆరు గంటలు ఈది చూపవలెనను నియమము కలదు. చలి మితిమీరినప్పుడు వణకు పుట్టును, మాట తడబడును, బారలు గతి తప్పును, తుదకు బుద్ధి మందగించును. తన బుద్ధి మందగించినదని ఈదువానికే తెలియదు. ప్రక్కన పడవలో నున్నవారే దానిని కనిపెట్టవలెను.

నాలుగవది ఆహారము. సుమారు అరగంట కొకమారు పడవనుండి త్రాటితో కట్టిన సీసాను వేయుదురు. పడవను తాకినచో ఈత చెల్లదు గనుక, ఈతగాడు నీటిలో వెల్లకిల తేలుచునే తీపి కలిపిన గోరువెచ్చని పానీయమును త్రాగి సాగిపోవును. దీనిని సయితము ముందే అభ్యసింపవలెను. ఉప్పునీరు మ్రింగినచో వాంతులు కలుగును. ఉప్పునీటిలో చర్మము రాచుకొని పుండ్లు పడకుండ మెడకును చంకలకును వాసెలీను వంటి జిడ్డు పూయుదురు.

అయిదవది త్రోవ. సముద్రమున గీతలు లేవు. కొన్ని బారల కొకసారి కన్నులెత్తి పడవనో గుర్తునో చూచుకొనవలెను. మన యేటిని దాటువాడు ఎదుటి రేవునకు పోగోరినచో కొంత ఎగువనే నీట దిగును గదా! సముద్రములోను ఇట్లే ఆటుపోట్లు మనిషిని ప్రక్కకు లాగుకొనిపోవును. 1875 ఆగస్టు 24, 25 తేదీలలో 21 గంటల 45 నిమిషములు ఈది ఇంగ్లీషు చానలును మొట్టమొదట దాటిన కెప్టెన్ మాథ్యూ వెబ్బు, సూటిగా 33 కిలోమీటర్లున్న త్రోవకు బదులు వంకరటింకరగా 60 కిలోమీటర్లకు పైగా ఈదవలసివచ్చెను.

ఇవన్నియు దేహమునకు సంబంధించినవి. వీటికంటె కష్టమైనది మరియొకటి కలదు. అది వెనుదిరుగుట. ఆ వెబ్బే అదే నెల 12వ తేదీన బయలుదేరి, గాలియు కెరటములును చెలరేగుటచే విరమించియుండెను. కలకత్తా బాలిక ఆరతీ సాహా 1959 ఆగస్టు 27న చానలులో దిగి, 14 గంటలకు పైగా ఈది, ఇంగ్లండు తీరము సుమారు 5 మైళ్ల దూరమున నుండగా ఎదురు ప్రవాహమున చిక్కుకొనెను. పడవవాని యొత్తిడిచే ఆమె ఆ దినము విరమింపవలసివచ్చెను. తీరము కంటి ముందుండగా నిలిచిపోవుట ఎంత దుఃఖకరమో యోచింపుడు. అయినను బ్రతికి వచ్చుటచేతనే సెప్టెంబరు 29న మరల ప్రయత్నించి, 16 గంటల 20 నిమిషములలో దాటి, చానలు దాటిన మొదటి ఆసియా స్త్రీ యనిపించుకొనెను. అప్పటి కామె వయస్సు 19 సంవత్సరములు. 1960లో ప్రభుత్వమువారు ఆమెను పద్మశ్రీతో గౌరవించిరి. కావున వెనుదిరుగుట పిరికితనము కాదు. అదియు అభ్యాసములో నొక భాగమే.

బాలబాలికలారా, ఈ మాటను మేము ఇంత నొక్కి చెప్పుటకు కారణము కలదు. ఏటిలో మునిగి పిల్లలు మరణించిన వార్త వినని తల్లిదండ్రులు నదీతీరములందు అరుదు. అట్టివారిలో ఈత వచ్చినవారును ఉందురు. నిన్న మోకాలిలోతున్నచోట నేడు ఇసుక తీసిన గోయి యుండవచ్చును. ఎగువ కొండలలో వాన కురిసినచో ఇచ్చట ఎండ కాయుచుండగనే నీరు పెరుగవచ్చును. కావున ఒంటరిగా దిగవలదు. వరదనీట దిగవలదు. లోతెఱుగని చోట తలక్రిందుగా దుముకవలదు. తోడివాడు మునుగుచుండినచో వెంటనే దుముకక, కేకవేసి పెద్దలను పిలిచి, త్రాడో, గడయో, పంచెయో అందింపుడు. కళ్లేపల్లి, కళింగపట్నముల వైపు సముద్రస్నానమునకు పోయినప్పుడు నీరు లోపలికి లాగినచో, దానికి ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగా ఈది లాగుడు తప్పిన పిదప దరికి రండు. తల్లిదండ్రులారా, పిల్లలను నీటికి దూరముగా నుంచుటతో సరిపుచ్చక, ఈత తెలిసిన పెద్దవాని యెదుట బాలురకును బాలికలకును నేర్పింపుడు.

అపొస్తలుల కార్యముల గ్రంథమున పౌలు ఎక్కిన యోడ మెలితే ద్వీపమునొద్ద బ్రద్దలైన వృత్తాంతమును మన విద్యార్థు లెఱుగుదురు. ఈత వచ్చినవారు మొదట దుమికి దరిచేరవలెననియు, తక్కినవారు పలకలమీదను ఓడ చెక్కలమీదను పోవలెననియు శతాధిపతి ఆజ్ఞాపించెను. అందరును క్షేమముగా దరి చేరిరి. ఎవరెంత వేగముగా ఈదిరో ఆ గ్రంథము చెప్పలేదు. ఒక్కరును నశింపలేదనుటయే చెప్పినది. మన పాఠశాల పిల్లలును ఎంత దూరము ఈదినను, సాయంకాలమున అందరును ఇల్లు చేరవలెనని మా కోరిక.