ఫోన్ కలవని రోజుకు ముందే ఏర్పాటు

2025 జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య యుద్ధం మొదలై పన్నెండు రోజులు సాగింది. ఇరాన్‌లో ఇంటర్నెట్ దాదాపు ఆగిపోయింది. 23 రాత్రి ఖతర్‌లోని అమెరికా వైమానిక స్థావరం అల్ ఉదైద్ మీదికి ఇరాన్ క్షిపణులు వచ్చాయి. గల్ఫ్ మీదుగా విమానాలు కొన్ని గంటలు నిలిచిపోయాయి. జూన్ అంటే మనకు తొలకరి. మహారాష్ట్రలోని సిరోంచలోనూ, ప్రాణహిత, గోదావరి నదుల అవతల తెలంగాణలోని చెన్నూరు, మహదేవపూర్‌లలోనూ పత్తి గింజలు పెట్టే అదను. పొలం ఇంటివాళ్లకు అప్పగించి గల్ఫ్‌కో ఇజ్రాయెల్‌కో వలస పోయిన రైతుకు, ఇక్కడున్న ఆడమనిషికి యుద్ధం ఎదురయ్యేది ఇట్లాంటి పనుల నడుమనే. ఏం చేయాలో అప్పుడు ఆలోచిస్తే కుదరదు, ప్రయాణానికి ముందే మాట్లాడుకోవాలి.

ముందుగా, ఎప్పుడు మాట్లాడుకుంటారో ఖాయం చేసుకోండి. ఖతర్, సౌదీ, కువైట్‌లలో గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయిలో గంటన్నర. అక్కడ పని దిగే వేళ, ఇక్కడ అందరూ ఇంట్లో ఉండే వేళ చూసి ఒక సమయం పెట్టుకోండి. ఎన్ని రోజులు కబురు రాకపోయినా కంగారు పడకూడదో, ఎన్నో రోజున ఎవరికి ఫోన్ చేయాలో కూడా అనుకోండి. ఈ గడువు లేని ఇంట్లో, ఒక్కపూట ఫోన్ రాకపోతే చావు కబురు ఊహించుకుంటారు.

యుద్ధం రోజుల్లో వీడియో కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. యుఏఈలో మామూలప్పుడే వాట్సాప్ కాల్ పనిచేయదు. చిన్న వాయిస్ మెసేజ్ మేలు. సిగ్నల్ లేనప్పుడు పెట్టినా, వచ్చినప్పుడు దానంతటదే పోతుంది. అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే. "బాగున్నా, ఫలానా చోట ఉన్నా, మళ్లీ రేపు పొద్దున" అంటే చాలు. రాతకంటే గొంతు మంచిది, మనిషి ఎట్లున్నాడో గొంతులోనే తెలుస్తుంది.

ఆ "ఫలానా చోట" అన్నదాన్ని తేలికగా తీసుకోవద్దు. 2024 మార్చి 4న ఇజ్రాయెల్ ఉత్తర సరిహద్దులో మార్గలియోట్ దగ్గర తోటపని చేస్తున్న కేరళ మనిషి క్షిపణి పడి చనిపోయాడు. మరునాడే మన ఎంబసీ సరిహద్దుల్లో ఉన్న భారతీయులను సురక్షితమైన చోట్లకు వెళ్లమంది. "మావాడు ఇజ్రాయెల్‌లో ఉన్నాడు" అని మాత్రమే తెలిసిన ఇంటికి ఆ వార్త ఎంత భయపెడుతుందో ఊహించండి. ఊరి పేరు, క్యాంపు పేరు, మేస్త్రీ నంబరు, పక్క మంచం మనిషి నంబరు, ఆ మనిషి ఇంటివాళ్ల నంబరు కాగితం మీద రాసి ఉంచాలి. పాస్‌పోర్టు, వీసా, అకామా (అక్కడి నివాస కార్డు) జిరాక్సులు కూడా దాంతోపాటే. యుద్ధం నుంచి భారతీయులను వెనక్కి తెచ్చేందుకు 2023 అక్టోబరులో చేపట్టిన ఆపరేషన్ అజయ్‌కు, 2025 జూన్‌లో ఆపరేషన్ సింధుకు ఎంబసీ దగ్గర పేరు నమోదు చేసుకోమన్నారు. ఆ దేశంలో దిగిన వారంలోనే ఆ పని చేసుకోవాలి.

ఇక పొలం సంగతి. చాలా ఇళ్లలో చిక్కు పడేది ఇక్కడే. ఆధార్‌కు, బ్యాంకుకు, పీఎం కిసాన్‌కు ముడిపడిన సిమ్ రైతు జేబులో పరాయి దేశం పోతుంది. ఇక్కడ ప్రతి పనికీ ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది. ఫోన్ కలవని రోజున డబ్బు ఖాతాలో ఉన్నా ఎరువు కొనలేరు. ఆ సిమ్‌ను ఇంట్లో మామూలు ఫోన్‌లో వేసి, రీఛార్జ్ తప్పకుండా చూసుకోండి. అక్కడికి వేరే నంబరు తీసుకోండి. భార్య పేరున ఖాతా తెరిచి, ఒక పంటకు సరిపడా ఖర్చు అందులో ఉంచండి. సాత్‌బారా (భూమి పత్రం) ఎక్కడుందో, తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) ఎవరో, ఎవరికి ఎంత బాకీ ఉందో ఆమెకు తెలియాలి. మహారాష్ట్రలో ఈ-పీక్ పాహణీకి చేను దగ్గరే ఫొటో తీసి పంట నమోదు చేయాలి. అది ఆమె చేతులతో ఒకసారి చేయించి వెళ్లండి. ఏ విత్తనం, కూలి ఎంత అన్నవి ఆమె నిర్ణయానికే వదలాలని నా గట్టి అభిప్రాయం. సైరన్ల నడుమ దొరికిన రెండు నిమిషాలు యూరియా బస్తాల లెక్కకు పోకూడదు.

కబురు ఆగేది అటునుంచే కాదు. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరోంచ తాలూకా ఊళ్లు మునిగాయి. అట్లాంటప్పుడు దూరదేశంలో ఉన్నవాడే నిద్ర లేకుండా ఫోన్లు చేస్తాడు. అందుకని నదికి దూరంగా, సిగ్నల్ ఉండే ఊళ్లో ఉన్న మేనమామో, ఆడపడుచో రెండు వైపులకూ కబురు చేర్చే మనిషిగా ఉండాలి. వానాకాలం దాటేదాకా ఆ నంబరు అందరి ఫోన్లలో ఉండాలి.

యుద్ధం వార్త రాగానే "మీవాడు ఇరుక్కుపోయాడు, విడిపించాలంటే ఇంత పంపండి" అంటూ కొత్త నంబరు నుంచి ఫోన్ రావచ్చు. పైసా పంపవద్దు. కాగితం మీది నంబర్లకు చేసి చూడండి, ఆ దేశంలోని మన ఎంబసీకి చేయండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పాస్‌పోర్టు నంబరు అడుగుతారు, అందుకే ఆ జిరాక్సు ట్రంకుపెట్టె అడుగున కాక చేతికందే చోట ఉంచండి.