పాతకారులోని ప్లాస్టిక్కు భాగములకు రంగువేయుట

మార్కాపురపు పలకను ఎఱుగని తెలుగు బాలుడు ఒకప్పుడు అరుదు. ఆ పలక చేతికి నున్నగా తోచినను దాని ముఖమున కంటికి కానరాని గరుకుదనము కలదు. బలపము గీచిన గీత నిలుచుటకు అదియే కారణము. అదే పలకకు కొంచెము నూనె రాచి చూడుడు. బలపము జాఱిపోవును, అక్షరము కుదరదు. పాతకారు లోపలి ప్లాస్టిక్కు భాగములకు రంగువేయుట యందును విషయ మిదియే. రంగు ఎంత మంచిదైనను క్రిందనున్న ముఖము దానిని పట్టుకొననిచో ఆఱు నెలలలో పొరలు పొరలుగా లేచిపోవును.

మన ప్రాంతమున కొన్ని యిండ్లలో తండ్రి కాలపు అంబాసిడరో, మారుతి 800యో నేటికిని భద్రముగా నుంచబడి యున్నది. అంబాసిడరు 1957 మొదలు 2014 వఱకు వంగదేశమందలి ఉత్తరపారలో తయారయ్యెను. మారుతి 800 గుర్గాఁవున 1983 డిసెంబరులో మొదలై 2014 ఆరంభమున నిలిచిపోయెను. కావున వీనికి క్రొత్త భాగములు దొరకుట నానాటికి కష్టమగుచున్నది. తలుపు లోపలి పలకనో, గడియారపు చుట్టు చట్రమునో తొందరపాటున విఱుగగొట్టినచో మఱియొకటి తెచ్చుకొందమను ధైర్య ముండరాదు.

ఈ భాగములు చెడుటకు ప్రధాన కారణము మన యెండ. గిద్దలూరు, కంభము, మార్కాపురములందు వేసవిలో 40 డిగ్రీలు దాటుట వింత కాదు. అట్టి యెండలో తలుపులు మూసియుంచిన కారున ముందద్దము క్రింది భాగము 70 డిగ్రీల సమీపమునకు వేడెక్కును. ఆ వేడిమికి మెత్తని పి.వి.సి.లో కలిపిన మెత్తబఱచు పదార్థములు మెల్లగా వెలికివచ్చి అద్దము లోపల మబ్బువంటి పొరగా పట్టును, పి.వి.సి. యేమో బిరుసెక్కి బీటలు వాఱును. ఏ.బి.ఎస్. అను మఱియొక ప్లాస్టిక్కులో అక్రిలోనైట్రైలు, బ్యూటడయీను, స్టైరీను అను మూడు పదార్థములు కలవు. వీనిలో బ్యూటడయీను రబ్బరు వంటిది. దెబ్బ తగిలినపుడు భాగము పగులకుండ కాచునది అదియే. అతినీలలోహిత కిరణములును గాలిలోని ప్రాణవాయువును మొదట దానినే చెఱచును. అందుచేతనే పాత ఏ.బి.ఎస్. పసుపువాఱి పెళుసగును.

మూడవది పోలిప్రొపిలీను. ఇటలీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు జూలియో నట్టా 1954లో దీనిని గట్టి ప్లాస్టిక్కుగా సాధించెను; 1963లో కార్ల్ జీగ్లరుతో కలిసి నోబెలు బహుమానము నందెను. రంగువేయువానికి మిక్కిలి చిక్కు తెచ్చునది ఇదియే. దీనియందు కర్బనము, ఉదజని తప్ప వేఱొకటి లేదు. అంటుకొనుటకు పట్టు నిచ్చు అణుభాగము లేవియు లేవు. చేమాకుపై నీటిబొట్టు ముత్యమువలె నిలుచుట మీరు చూచియుందురు. పోలిప్రొపిలీనుపై నీటిబొట్టు అంత గుండ్రముగా కాకపోయినను ఆ చందముననే ఉబ్బి నిలుచును, పఱచుకొనదు. నీరు పఱచుకొనని చోట రంగునకు కూడ పట్టు దొరకుట కష్టము.

కనుక మొదట తెలిసికొనవలసినది ఆ ప్లాస్టిక్కు పేరు. భాగమును ఊడదీసి వెనుకకు త్రిప్పి చూచిన పి.పి. అనియో, ఏ.బి.ఎస్. అనియో ఇంగ్లీషు అక్షరములు పోతపోసి యుండవచ్చును. మిక్కిలి పాతబండ్లలో ఈ గుర్తు లేకపోవుటయు కలదు. అప్పుడు లోపలివైపు నుండి గోరంత ముక్క కోసి నీటిలో వేయుడు. పోలిప్రొపిలీను సాంద్రత సుమారు 0.9 గనుక తేలును, ఏ.బి.ఎస్. 1.05 గనుక మునుగును, పి.వి.సి. ఇంకను వేగముగ మునుగును. అయితే కార్ల భాగములకై పోలిప్రొపిలీనులో గట్టితనమునకు ఒక రాతిపొడిని కలుపుదురు. ఆ పొడి మఱేదియో కాదు, మన బలపపు రాయియే. అది హెచ్చుగా కలిసినచో పోలిప్రొపిలీను సైతము మునుగును. కాబట్టి తేలిన ముక్కను నమ్మవచ్చును గాని మునిగిన ముక్కను వెంటనే నమ్మరాదు.

ఊడదీయుటకు ముందు భాగమును అరగంట సేపు నీరెండలో వెచ్చబడనిండు. చల్లగానున్న పాత ప్లాస్టిక్కు కొక్కెములు పుటుక్కున విఱుగును. పిమ్మట సబ్బునీటితో మెత్తని కుంచె పట్టి కడుగవలెను. సగము బండ్లకు ఈ కడుగుటయే చాలునని మా యభిప్రాయము. మాసినదానిని వెలసినదని భ్రమపడి రంగు పూయువారు పెక్కుమంది. కడపటి కడుగుటకు మన బోరునీరు పనికిరాదు. అందలి లవణములు ఆఱి తెల్లని పొరగా నిలుచును. వాననీరు గాని వడపోత నీరు గాని మేలు. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన తెల్లని గుడ్డతో తుడువుడు. ఇన్నేండ్లుగా పూసిన నిగనిగల పాలిషులోని సిలికోను మిగిలియున్నచో రంగు చిన్న చిన్న గుంటలుగా విడిపోవును. ఏ.బి.ఎస్.ను గట్టి థిన్నరుతో మాత్రము తుడువకుడు. అది కరగి పగుళ్లు పడును.

నునుపైన భాగమును 600 అంకె వాటరు పేపరుతో తడిగా రుద్దవలెను. తోలువలె గీతలున్న భాగమునకు పేపరు కూడదు, ఆ గీతలు అరిగిపోవును. గిన్నెలు తోము పచ్చని పీచు చాలును. పోలిప్రొపిలీనైనచో రంగునకు ముందు దానికై అమ్ము ప్రత్యేకమైన ప్రైమరును పలుచగా ఒక పూత వేయుడు. అందలి క్లోరిను కలిపిన పదార్థము ఒకవైపు ప్లాస్టిక్కును, మఱియొకవైపు రంగును పట్టుకొనును. మెత్తని పి.వి.సి.కి వంగినను పగులని రంగే వాడవలెను.

రంగును రెండు మూడు పలుచని పూతలుగా, పూతకు పూతకు పదిహేను నిమిషముల యెడమిచ్చి వేయుడు. మన వేసవి మధ్యాహ్నము ఈ పనికి తగదు. రంగుతుంపరలు గాలిలోనే ఆఱి ఇసుకవలె రాలును. తెల్లవాఱిన వెంటనే నీడలో వేయుట ఉత్తమము.

ముందద్దము క్రింది భాగమునకు మెఱుగు లేని రంగే వేయవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము. చూపునకు నిగారింపు బాగుండును, నిజమే. కాని గిద్దలూరునుండి నంద్యాలకు పోవు నల్లమల దారిలోనో, దోర్నాలనుండి శ్రీశైలమునకు ఎక్కు మలుపులలోనో సూర్యుడు ఎదురైనపుడు ఆ నిగారింపు అద్దములో ప్రతిబింబించి దారిని మఱుగుపఱచును. ఎదుట వచ్చు లారీ ఆ తళుకు వెనుక దాగియుండును.

ఇక ఊపిరి మాట. థిన్నరు ఆవిరి తలతిప్పును, నిప్పును ఆకర్షించును. మూసిన గదిలోగాని పొయ్యి దగ్గఱగాని పనిచేయరాదు. గట్టిపడు మందు కలిపి వేయు రెండు డబ్బాల రంగులలో ఐసోసయనేటు లుండును. అవి ఉబ్బసము తెచ్చును. గుడ్డ కట్టుకొన్నంత మాత్రమున ఆగవు. అట్టి రంగులు తగిన గాలియేర్పాటు గల పనిశాలకే వదలుడు. పిల్లలు ఏ రంగు తుంపరనైనను దూరము నుండియే చూడవలెను.

పట్టు చూచుటకు ముందుగా భాగము వెనుకవైపున ఇదే విధముగ కొంచెము రంగువేసి, వారము ఆఱనిచ్చి, బ్లేడుతో నిలువుగా ఆఱు, అడ్డముగా ఆఱు గీతలు గీయుడు. ఇరువదియైదు చిన్న గదులు ఏర్పడును. వానిపై అంటుపట్టీ నొక్కి ఒక్కమాఱుగా లాగుడు. గదులన్నియు నిలిచినచో ముందువైపునకు రంగువేయవచ్చును. ఒకటి రెండు మించి ఊడివచ్చినచో తిరిగి కడుగుట మొదలు ప్రారంభింపవలెను. ముందువైపు రంగు ముగిసిన పిదప భాగములను వారము దినములు నీడలోనే యుంచి, అటుపిమ్మట కారులో బిగింపుడు.