పాత ఇంటి నేలను చదవడం

సూరత్ నగరంలో 1837 ఏప్రిల్ 24న అంటుకున్న మంటలు మూడు రోజుల వరకు ఆరలేదు. 9,373 ఇళ్ళు దగ్ధమైనవి. ఆ సంవత్సరమే తాపీ నది పొంగి నగరాన్ని ముంచివేసింది. గుజరాతీ మహాకవి నర్మద్ ఈ నగరంలోనే 1833లో జన్మించాడు. ఆ అగ్నిప్రమాదం నాటికి ఆయనకు నాలుగేళ్ళు నిండలేదు. తరువాత ఆయన ఇక్కడి ఆమ్లీరాన్‌లో కట్టించుకున్న ‘సరస్వతీ మందిర్’ నేడు స్మారక గృహంగా నిలిచి ఉన్నది. వడోద్ వంటి పల్లెలను తనలో కలుపుకొని, తెలుగు నేత కుటుంబాలెన్నింటికో ఆశ్రయమిచ్చిన నేటి సూరత్‌లో, ఇటువంటి పాత ఇళ్ళు క్రమంగా అరుదవుతున్నవి.

అటువంటి ఇంటిని పునరుద్ధరించేటప్పుడు మొదట చూడవలసినది గోడలను కాదు, నేలను. గోడ పక్కన మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చిన్న గుంటను తాపీతో పొర పొరగా తీస్తారు. బొగ్గు, ఎర్రగా కాలిన మట్టి, పగిలిన పెంకులు ఒకే పొరలో కనిపించినంత మాత్రాన అది 1837 నాటిదేనని తొందరపడరాదు; అది కేవలం వంటింటి పొయ్యి బూడిద కావచ్చు. దూరదూరంగా తవ్విన గుంటలన్నింటిలోను అదే మట్టున ఆ పొర కనిపిస్తే ఊహకు బలం చేకూరుతుంది. దానిపై సన్నని ఒండ్రు పరచుకొని ఉంటే వరద జాడ కూడ దొరికినట్లే.

అసలు కీలకం పునాది వద్ద ఉన్నది. పునాది కోసం తవ్విన గాడి బూడిద పొరను కోసుకొని దిగితే, గోడ అగ్నిప్రమాదానికి తరువాతిది. బూడిద గోడ ముఖానికి ఆనుకొని ఆగిపోతే, గోడ అంతకు ముందే ఉన్నది. మంటలను తట్టుకొని నిలిచినది. చూపునకు రెండు గోడలూ ఒకటే. ఏది ముందుదో ఎరుగక పాతదానిని పడగొట్టి, కొత్తదానిని భద్రపరచే ప్రమాదం ఇక్కడే ఉన్నది. నాణెం దొరికితే సంతోషమే గాని, 1835లో ముద్రించిన కంపెనీ రూపాయి ఆ పొర అంతకు ముందు ఏర్పడలేదని మాత్రమే చెప్పగలదు. అది ఎన్నేళ్ళు చేతులు మారి నేల చేరినదో చెప్పజాలదు.

మన మండువా వంటి నడిమి ముంగిలి కింద, గుజరాతు ఇళ్ళలో వాననీటిని నిలువచేసే ‘టాంకా’ అనే తొట్టి ఉండడం కద్దు. దాని సంగతి తెలియక పైన కొత్త స్తంభం నిలిపితే నేల కుంగుతుంది. గుంటలు తీసేవారు కూడ ఇంజనీరును సంప్రదించక పునాది కన్న లోతుకు పోరాదు. చరిత్ర కోసం ఇంటినే కూల్చుకొనడం వివేకం కాదు గదా!

భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి చట్టం విధించినది. బూడిదకు అటువంటి చట్టమేదీ లేదు. అందుచేత ప్రతి పొర మందాన్ని, రంగును, లోతును కొలిచి, చిత్రం గీసి, ఛాయాచిత్రం తీసిన పిమ్మటనే గుంటను పూడ్చి, కొత్త గచ్చు వేయడానికి మేస్త్రీని పిలవాలి.