విమానంలో మద్యం: ఎంత తాగుతున్నారు? ఒంటికి ఏమవుతుంది?

హోసూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరమే ఈ వారం పాఠానికి కారణం. ఆమె ఇలా రాశారు: "మా తమ్ముడు దుబాయిలో పని చేస్తాడు. వయసు 38. రెండేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాడు. ఇంటి దగ్గర మద్యం ముట్టడు. విమానం ఎక్కితే మాత్రం తోటివాళ్లతో కలిసి రెండు మూడు గ్లాసులు తీసుకుంటున్నాడని ఈ మధ్యే తెలిసింది. అడిగితే, 'నిద్ర పడుతుందని తాగాను ఆపా, దిగేసరికి అదీ దిగిపోతుంది' అన్నాడు. ఇది నిజమేనా హకీం సాబ్?"

నిజం కాదు. ఎందుకు కాదో తెలుసుకుందాం. మద్యం హరామ్ అన్న సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ వైద్యం చెప్పే మాట మాత్రమే చూద్దాం. ఎందుకంటే, ఇంట్లో మానినవారు కూడా ఆకాశంలో తాగడానికి ఒక సాకు వెతుక్కుంటున్నారు.

లెక్క ఎందుకు తప్పుతుంది?

మన దేశం లోపల తిరిగే విమానాల్లో మద్యం ఇవ్వరు. విదేశాలకు వెళ్లే చాలా విమానాల్లో ఇస్తారు. సౌదియా, కువైట్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు అక్కడా ఇవ్వవు. ఇచ్చేచోట చాలాసార్లు దాని ధర టికెట్లోనే కలిసి ఉంటుంది. చేతి డబ్బు పోదు కాబట్టి చెయ్యి వెనక్కి పోదు. కొందరికి విమానమంటే భయం, కొందరికి విసుగు. విమానాశ్రయంలో కూర్చుని తాగినదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఐరోపాలో ర్యాన్‌ఎయిర్ సంస్థ అధిపతి మైఖేల్ ఓ లియరీ 2024 ఆగస్టులో ఒక కోరిక కోరారు. విమానాశ్రయాల్లో ప్రయాణికుడికి రెండు డ్రింకులకు మించి ఇవ్వరాదన్నది ఆ కోరిక. తాగి గొడవపడేవారితో వేగలేకనే ఆయన అలా అడిగారు.

ఇప్పుడు కొలత చూడండి. విమానంలో ఇచ్చే చిన్న విస్కీ సీసా సాధారణంగా 50 మి.లీ. ఉంటుంది. అందులో 40 శాతం మద్యసారం. అంటే సుమారు 16 గ్రాములు. 330 మి.లీ. బీరు డబ్బాలో, 5 శాతం లెక్కన, 13 గ్రాములు. 187 మి.లీ. చిన్న వైన్ సీసాలో, 12 శాతం లెక్కన, సుమారు 18 గ్రాములు. "వైన్ తేలిక" అనే మాటలో పస లేదని ఈ లెక్కే చెబుతోంది.

మన కాలేయం (జిగర్) గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల మద్యసారాన్ని మాత్రమే కరిగించగలదు. కాఫీ తాగినా, చన్నీళ్లు ముఖాన చల్లుకున్నా ఈ వేగం పెరగదు. రెండు చిన్న విస్కీ సీసాలు, ఒక బీరు తాగితే 45 గ్రాములు. గంటకు 8 గ్రాముల లెక్కన అది పూర్తిగా పోవడానికి అయిదున్నర గంటలు దాటుతుంది. బెంగుళూరు నుంచి దుబాయికి ప్రయాణం సుమారు నాలుగు గంటలు. పైగా మొదటి గ్లాసు చేతికి వచ్చేసరికే కొంత సమయం గడిచిపోతుంది. విమానం దిగుతుంది గానీ మత్తు దిగదు.

ఆరు అవసరాలు, ఆరు నష్టాలు

ఆరోగ్యం ఆరు విషయాల మీద నిలుస్తుందని యూనానీ వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. ఇబ్న్ సీనా తన "అల్ ఖానూన్" గ్రంథంలో ప్రయాణికుల జాగ్రత్తలకు ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించాడు. ఆయన కాలంలో ఒంటెలు, ఓడలే గానీ విమానాలు లేవు. అయినా ఈ ఆరింటినీ విమానానికి అన్వయించి చూస్తే విషయం తేటగా అర్థమవుతుంది.

1. గాలి (హవా): విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపలి గాలి ఒత్తిడిని 6 వేల నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుగా నిలుపుతారు. అందువల్ల రక్తంలో ప్రాణవాయువు కొంత తగ్గుతుంది. ఆరోగ్యవంతుడు దీన్ని తట్టుకుంటాడు. ఎత్తుకు వెళ్లినంత మాత్రాన రక్తంలో మద్యం శాతం పెరగదు. కానీ ప్రాణవాయువు కొరత, మద్యం మత్తు రెండూ కలిసి ఒకేసారి మనిషిని కుంగదీస్తాయి.

2. తిండి, పానీయం (మాకూల్ ఓ మష్రూబ్): విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది. తేమ సాధారణంగా 20 శాతం కంటే తక్కువే. మద్యాన్ని యూనానీ పుస్తకాలు గరం, ఖుష్క్ మిజాజ్ గలదిగా చెప్పాయి. పొడి గాలిలో పొడిబార్చే పానీయం తాగితే గొంతు, కళ్లు, చర్మం ఇంకా ఎండిపోతాయి.

3. కదలిక, విశ్రాంతి: నాలుగు గంటలు అంతకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు వరకు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. మొత్తం మీద ఇది 6 వేల మందిలో ఒకరికి వచ్చే ప్రమాదమే. అయితే తాగి పడుకున్నవాడు లేచి నడవడు, కాళ్లు ఆడించడు. వంకరగా పడి గంటల తరబడి అలాగే ఉండిపోతాడు.

4. నిద్ర, మెలకువ (నౌమ్ ఓ యక్జా): తమ్ముడు చెప్పిన సాకు ఇదే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూద్దాం. జర్మనీ శాస్త్రజ్ఞులు కొలోన్‌లో చేసిన పరిశోధన 2024లో వెలువడింది. 18 నుంచి 40 ఏళ్ల లోపు 48 మంది ఆరోగ్యవంతులు ఇందులో పాల్గొన్నారు. సగం మందిని మామూలు గదిలో, సగం మందిని 8 వేల అడుగుల ఎత్తును పోలిన గదిలో నాలుగు గంటలు నిద్రపుచ్చారు. ఒక రాత్రి మద్యం లేకుండా, ఒక రాత్రి రెండు బీరు డబ్బాలకు సమానమైన మద్యంతో పరీక్షించారు. మామూలు గదిలో మద్యం లేకుండా పడుకున్నవారి రక్తంలో ప్రాణవాయువు 96 శాతం, గుండె వేగం నిమిషానికి 64. ఎత్తును పోలిన గదిలో తాగి పడుకున్నవారికి ప్రాణవాయువు 85 శాతానికి పడిపోయింది, గుండె వేగం 88కి పెరిగింది. గాఢనిద్ర కూడా తగ్గింది. వీరంతా జబ్బు లేని పడుచువాళ్లు. గుండె జబ్బు, ఆయాసం ఉన్న 60 ఏళ్ల మనిషి సంగతి ఏమిటో మీరే ఊహించుకోండి. కాబట్టి మద్యంతో వచ్చేది నిద్ర కాదు. పైకి నిద్రలా కనిపించే అలసట అది.

5. మనసు కదలిక, శాంతి: భయం పోవడానికి తాగినవాడికి మొదట ధైర్యం వస్తుంది, ఆ తర్వాత విచక్షణ పోతుంది. తోటి ప్రయాణికులను ఇబ్బంది పెట్టేవారిని విమానాల్లో ఎక్కనివ్వకుండా నిషేధించే నిబంధనలను మన దేశ పౌర విమానయాన శాఖ 2017లో తెచ్చింది. నోటి దురుసుకు మూడు నెలల వరకు, చేయి చేసుకుంటే ఆరు నెలల వరకు, ప్రాణాపాయం కలిగిస్తే రెండేళ్లు అంతకు మించి అని మూడు తరగతులు పెట్టింది. ఇక విమానం నడిపేవారు బయలుదేరే ముందు 12 గంటల పాటు మద్యం ముట్టరాదు.

6. విసర్జన, నిలుపుదల (ఇస్తిఫ్రాగ్ ఓ ఇహ్తిబాస్): శరీరం నీటిని దాచుకోవడానికి ఒక హార్మోను తోడ్పడుతుంది. మద్యం దాన్ని అణచివేస్తుంది. మూత్రం ఎక్కువగా పోతుంది, తలనొప్పి, దాహం మొదలవుతాయి. తాగిన నీళ్లు కూడా నిలవవు.

మాత్రలు వాడేవారికి హెచ్చరిక

ఇప్పుడు సోదరి అసలు భయానికి వద్దాం. షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ వంటివి వాడుతూ, సరిగా తినకుండా మద్యం తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే ప్రమాదం. చెమటలు, వణుకు, తడబడే మాట దీని గుర్తులు. చూసేవారు "తాగి ఉన్నాడు, పడుకోనివ్వండి" అనుకుంటారు. ఆ పొరపాటు ప్రాణం తీయవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవారు ఎక్కువగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. నిద్రమాత్రలు, ఆందోళనకు ఇచ్చే మాత్రలు మద్యంతో కలిస్తే శ్వాస మందగిస్తుంది. తమ్ముడు ఏ మాత్ర వాడుతున్నాడో చీటీ చూసి డాక్టరును వెంటనే అడగండి. ఈ విషయంలో "రెండు గ్లాసులే కదా" అన్న మాట చెల్లదు. మద్యం ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే స్పష్టంగా చెప్పింది.

దిగిన చోటి చట్టం కూడా గుర్తుంచుకోవాలి. సౌదీ, కువైట్‌లకు మద్యం తీసుకుపోవడం నేరం. గల్ఫ్‌లో తాగి బండి నడపడం ఉద్యోగాన్ని, వీసాను కూడా పోగొట్టే పని.

మరి ఏం చేయాలి?

• టికెట్ తీసుకునేటప్పుడే "ముస్లిం మీల్" అని రాయించండి. కొన్ని తీపి వంటకాల్లో, సాసుల్లో మద్యం కలుపుతారు. అనుమానం ఉంటే అడిగి తినండి.
• తనిఖీ అయ్యాక ఖాళీ సీసాలో నీళ్లు నింపుకోండి. ఒకేసారి గటగటా తాగక, కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి.
• కడుపులో తిప్పుతుంటే చిన్న సొంఠి (జంజబీల్) ముక్కను బుగ్గన పెట్టుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడిగాకే వాడాలి. భోజనం తర్వాత సోంపు (బాదియాన్) నమలండి.
• గంట గంటకూ లేచి నాలుగు అడుగులు వేయండి. కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించండి.
• నిద్ర కోసం కళ్లకు గుడ్డ కట్టుకోండి, మెడ కింద దిండు పెట్టుకోండి, టీ కాఫీలు తగ్గించండి.
• షుగర్ ఉన్నవారు మాత్రలు, గ్లూకోజు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. సామాన్లలో వేయరాదు.

ఒక ముఖ్యమైన మాట. రోజూ ఎక్కువగా తాగే అలవాటు పడినవారు ప్రయాణం కోసమని ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. అలాంటివారు ఆసుపత్రిలో వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. వ్యసనం మానడానికి ప్రభుత్వ ఉచిత ఫోను సహాయం 14446 నంబరులో దొరుకుతుంది.

ఇక ఆ సోదరికి నా సలహా. తమ్ముణ్ణి పదిమందిలో నిలదీయకండి. ఇంటికి వచ్చినప్పుడు చాయ్ ముందు పెట్టి, పైన చెప్పిన గ్రాముల లెక్క అతనితోనే వేయించండి. 38 ఏళ్ల మనిషికి తిట్టు కంటే లెక్క బాగా తలకెక్కుతుంది. మీరు అడిగారంటే అతని మీద కోపంతో కాదని, ఫోను మోగినప్పుడల్లా గుండె దడదడలాడుతున్నందుకేనని కూడా చెప్పండి.